కీచురాయి కూత ఆపిన మధ్యాహ్నం

ఒకప్పుడు కీచురాయికి ఆగడమంటే ఏంటో తెలీదు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు వాలేదాకా "కీఈఈఈ" అని ఒకటే కూత. మనిషొచ్చినా ఆపదు, ఎలుగుబంటొచ్చినా ఆపదు, పక్కనే పిడుగు పడినా ఆపదు. అడవిలో ఎవరితో మాట్లాడాలన్నా చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సిందే.

ఆ రోజుల్లో కొండ కింద, గెడ్డ పక్కన ఒక ఇల్లుండేది. గెడ్డంటే కొండమీంచి దిగే చిన్న ఏరు. ఆ ఇంట్లో పైడయ్య, వాళ్ళమ్మ దేముడమ్మ, పైడయ్య పెళ్ళాం నూకాలు. గాలివానకి కూలిన చెట్లని కోసి ముక్కలు చెయ్యడం వాళ్ళ పని. నిలబడ్డ చెట్టు జోలికి పోరు. వాళ్ళ రంపం మనిషంత పొడుగు. అటో పిడి, ఇటో పిడి. అటొకరు ఇటొకరు కూర్చుని లాగాలి.

తల్లీ కొడుకూ ఒక జోడీ. నూకాలుకి మాత్రం పిడి ఇచ్చేవాళ్ళు కాదు.

"దానికి తొందరెక్కువ. రంపాన్ని వంచి కూర్చుంటాది" అనేది దేముడమ్మ.

"మీ అమ్మకి రంపం మీదున్న ప్రేమ నా మీద లేదు మావా" అని నూకాలు మూతి ముడిచేది.

ఒక మధ్యాహ్నం గాలివాన వెలిసి ఎండ కాసింది. గెడ్డ ఒడ్డున పెద్ద మద్దిచెట్టు వేళ్ళతో సహా లేచి పడిపోయి ఉంది. దాని నడుము ఒక బండరాయి మీద ఆనింది. కొమ్మలున్న కొన గెడ్డలోకి వాలింది. వేళ్ళ వైపేమో పెద్ద మట్టిగడ్డ గోడలాగా నిలబడింది.

ముందు చిన్న కొమ్మలు నరుకుదామని పైడయ్య గెడ్డలోకి దిగాడు. చెట్టు ఒక్కసారి కదిలింది. అంతే, పెద్దకొమ్మ కింద అతని కాలు ఇరుక్కుపోయింది.

"అమ్మా! కాలు రావట్లేదే!"

నూకాలు పరిగెత్తింది. కొమ్మని ఎత్తింది, తోసింది, తన్నింది. అది ఉలకలేదు. నీళ్ళు పైడయ్య నడుము దాటుతున్నాయి.

"గెడ్డమ్మా, నీకు దణ్ణం పెడతాను, కాసేపు ఆగవా?" అంది నూకాలు.

"నా చేతిలో ఏముంది తల్లీ?" అంది గెడ్డ ఆయాసపడుతూ. "కొండమీద ఇంకా కురుస్తోంది. పై నీళ్ళు వెనకనించి తోసేస్తున్నాయి. నేను పెరుగుతూనే ఉంటాను."

ఊరేమో కొండకి అవతల. మనుషుల్ని పిలుచుకొచ్చేలోపు ఏమైనా అయిపోవచ్చు. నూకాలు ఒడ్డున అటూ ఇటూ పరిగెత్తింది.

దేముడమ్మ మాత్రం చెట్టు చుట్టూ తిరిగి చూసింది. "వేళ్ళ దగ్గర కోసేస్తే మొదలు కిందకి దిగుతాది, కొన పైకి లేస్తాది. వాడి కాలు బయటికొస్తాది. రాయే పిల్లా, ఆ పిడి పట్టుకో."

"నేనా?"

"మరి నా జోడీ ఆ నీళ్ళలో కూర్చున్నాడు కదే!"

నూకాలు పిడి పట్టుకుంది. ఒక్క ఊపున తనవైపు లాగి, అదే ఊపున అత్త వైపు నెట్టింది. రంపం పాములా మెలితిరిగి ఆగిపోయింది.

"నెట్టకే! నీ పనల్లా లాగడమే. నేను లాగేటప్పుడు నీ చేతులు ఉత్తినే వెనకాల రావాలి."

"నీళ్ళు పెరుగుతున్నాయత్తా!"

"నువ్వు నెడితే ఇంకా పెరుగుతాయి. లాగు, వదులు. లాగు, వదులు."

నూకాలు పళ్ళు బిగబట్టింది. లాగింది, వదిలింది. వదలడమే కష్టంగా ఉంది. చేతులు వాటంతటవే నెట్టేస్తామంటున్నాయి. మొత్తానికి రంపం దారిలో పడింది. సర్‌ర్, సర్‌ర్. ఎర్రటి పొట్టు ఇద్దరి ఒళ్ళోనూ రాలింది.

కొంతదూరం దిగాక కోత మూసుకుని రంపాన్ని కరిచేసింది. దేముడమ్మ గబగబా ఒక చెక్కచీల తెచ్చి కోతలో పెట్టి రాయితో కొట్టింది. కోత నోరు తెరిచింది. మళ్ళీ లాగారు.

"మావా, ఎలా ఉన్నావు?"

"చల్లగా ఉన్నాను! అత్తాకోడళ్ళు కొట్టుకోకుండా పని చేస్తుంటే చూద్దామని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను!" అన్నాడు పైడయ్య. నవ్వాడు గానీ పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. నీళ్ళు అతని గుండెల దాకా వచ్చాయి.

కోత సగం దాటింది. దేముడమ్మ ఉన్నట్టుండి చెయ్యెత్తింది. "ఆగు. ఇక్కడినించి చెవితో కోయాలి."

"అంటే?"

"తెగే ముందు చెట్టు మూలుగుతాది. కుడికి ఒరుగుతాదా ఎడమకి ఒరుగుతాదా ఆ మూలుగులోనే తెలుస్తాది. అప్పుడే ఆపి, ఆ పక్కన రాళ్ళు దట్టించాలి. దట్టించకపోతే మొద్దు బండమీంచి దొర్లి నేరుగా వాడి మీదకే పోతాది."

దేముడమ్మ పిడి వదలకుండానే మొద్దుకి చెవి ఆనించింది. నూకాలు మెల్లగా లాగింది. అత్త మొహం చూసింది. అత్త మొహం పాలిపోయింది.

"ఏటీ వినపడట్లేదే. ఆ కీచురాయి గోల!"

మొద్దు మీద, వాళ్ళకి బారెడు దూరంలో కీచురాయి కూర్చుని ఉంది. "కీఈఈఈ!"

"ఓ కీచురాయీ, కాస్త ఊరుకోవమ్మా!" అని అరిచింది నూకాలు.

"ఊరుకుంటే నేను చచ్చిపోయాననుకుంటారు! కీఈఈ!"

"అక్కడ మా ఆయన చచ్చిపోతున్నాడు!"

"ఆయన్ని కూడా కూతపెట్టమను! కీఈఈఈ!"

నూకాలు మట్టిగడ్డ తీసి విసిరింది. కీచురాయి ఎగిరి, అక్కడే వాలి, ఇంకా గట్టిగా మొదలెట్టింది. దాన్ని చూసి అడవిలో కీచురాళ్ళన్నీ అందుకున్నాయి.

నీళ్ళు పైడయ్య మెడ దగ్గరికొచ్చాయి. ఇప్పుడతను జోకులు వెయ్యట్లేదు. తల పైకెత్తి ఆకాశం కేసి చూస్తున్నాడు.

నూకాలు ఇంకో గడ్డ పెళ్ళగించడానికి వేళ్ళ దగ్గరికి వెళ్ళింది. చెయ్యి పెట్టబోయి ఆగిపోయింది. ఆ మట్టి నిండా, వేళ్ళని పట్టుకుని, గోధుమరంగు పిల్లపురుగులు వేలాడుతున్నాయి. ఎండకి మట్టి పెళుసెక్కి రాలిపోతోంది. దానితోపాటు అవీ రాలుతున్నాయి. ఒక్కోటీ సన్నగా ఏదో అంటోంది. నూకాలు చెవి పెట్టింది.

"అమ్మా... అమ్మా..."

నూకాలు ఒక పిల్లపురుగుని అరచేతిలో పెట్టుకుని కీచురాయి మొహం ముందుకి తెచ్చింది. "ఇది నీదేనా?"

"నా పిల్లలు భూమిలో చల్లగా ఉన్నారు! కీఈ..."

"ఆ భూమి పైకి లేచి ఎండలో నిలబడి ఉంది, చూడు! ఇందాకణ్ణించీ నిన్నే పిలుస్తున్నారు. నీ గోలలో నీకే వినపడట్లేదు."

కీచురాయి వేళ్ళ వైపు చూసింది. కూత గొంతులోనే తెగిపోయింది.

"అమ్మా..."

పుట్టాక మొదటిసారి కీచురాయి కూత ఆపి విన్నది.

"ఈ చెట్టు తెగితే మట్టిగడ్డ వెనక్కి గోతిలో పడుతుంది. నీ పిల్లలు భూమిలోకి పోతారు" అంది నూకాలు. "మాకు చెట్టు మూలుగు వినపడాలి. అంతే."

కీచురాయి రెక్కలు ముడుచుకుంది. దాన్ని చూసి పక్క చెట్టు మీది కీచురాయి ఊరుకుంది. దాని పక్కదీ ఊరుకుంది. అడవి అడవంతా నిశ్శబ్దమైపోయింది. అంత నిశ్శబ్దం ఎవరూ ఎప్పుడూ వినలేదు. నూకాలుకి తన గుండె చప్పుడు వింటేనే భయం వేసింది.

లాగింది. వదిలింది. లాగింది.

కిర్‌ర్‌ర్.

సన్నగా, ఎక్కడో లోపల్నించి వచ్చింది.

"ఎడమ!" అన్నారు అత్తాకోడళ్ళు ఒకేసారి.

ఇద్దరూ రాళ్ళు మోసుకొచ్చి బండ దగ్గర మొద్దుకి ఎడమ పక్కన దట్టించారు. తిరిగొచ్చి పిడులు పట్టుకున్నారు. నీళ్ళు పైడయ్య గడ్డాన్ని తాకాయి.

"తొందరగా లాగనా అత్తా?"

"ఇందాకటిలాగే లాగు. బాగుంది నీ చెయ్యి."

సర్‌ర్. సర్‌ర్. ఫటేల్!

మొద్దు ఎడమకి ఒరిగింది, రాళ్ళని గుద్దుకుంది, ఆగింది. మొదలు ధబ్బుమని దిగింది, కొన పైకి లేచింది. పైడయ్య కాలు లాక్కుని, నీళ్ళు మింగి, దగ్గుతూ ఒడ్డుకి పాకాడు. ఇటు మట్టిగడ్డ వెనక్కి ఊగి గోతిలో పడింది. పిల్లపురుగులన్నీ చల్లటి నేలలోకి జారిపోయాయి.

నూకాలు మొగుణ్ణి పట్టుకుని ఏడ్చేసింది. దేముడమ్మ కొడుకు కాలు తడిమి చూసి, కోడలి జుట్టులో రంపప్పొట్టు దులిపింది.

కీచురాయి మాత్రం నేలకేసి చూస్తూ చాలాసేపు అక్కడే కూర్చుంది. కూయాలంటే భయం. తను కూస్తున్నప్పుడు ఇంకా ఎవరెవరు పిలిచారో, ఎన్ని పిలుపులు తన కింద నలిగిపోయాయో!

అప్పటినుంచే అడవిలో మన అడుగుల చప్పుడు దగ్గరికి రాగానే కీచురాయి టక్కున ఊరుకుంటుంది. ఎవరైనా పిలుస్తున్నారేమోనని ఊపిరి బిగబట్టి వింటుంది. మనం దాటిపోయాక, ఎవరూ పిలవట్లేదని నమ్మకం కుదిరాకే, మెల్లగా మళ్ళీ మొదలెడుతుంది.