రెండో ఫ్లైవీల్

కోటిలింగాచారి గారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరు. చేతిలో ఏదో ఒక పని పెడతారు. మా అమ్మాయికి ఏ చదువు మంచిదంటారు అని ఒకసారి నేను అడిగితే, ఆకురాయి ఒకటి చేతికిచ్చి ఓ ఇనపముక్క అంచు నున్నగా చెయ్యమన్నారు. గంటసేపు రాకాను. నా వేళ్లు బొబ్బలెక్కాయి గానీ అమ్మాయి చదువు సంగతి మాత్రం తేలలేదు. విశాఖపట్నం కంచరపాలెంలో ఇనుము చెక్కే ఆయన లేతు షెడ్డుకి ఎదురుగా నాది బేరింగుల కొట్టు. బేరాలు లేని వేళ స్టూలు తెచ్చుకుని ఆయన గుమ్మంలో కూర్చోవడం నాకు అలవాటు. కాబట్టి ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు, దగ్గరుండి చూసింది.

ఆయన దగ్గర యోనా అని ఒక శిష్యుడున్నాడు. శిష్యుడంటే కుర్రాడనుకునేరు, నలభై రెండేళ్లవాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ లేతు దగ్గరే నిలబడ్డ మనిషి. వాడి భార్య సలోమి రెండేళ్ల కిందట కామెర్లతో పోయింది. ఉన్న రోజుల్లో రోజూ ఒంటిగంటకి క్యారేజీ తెచ్చేది. వాడు తింటుంటే అక్కడున్న నూనె డ్రమ్ము మీద కూర్చుని, కాళ్లు ఊపుతూ, వీధిలో కబుర్లన్నీ పూస గుచ్చినట్టు చెప్పేది. ఇప్పుడు క్యారేజీ వాడే తెచ్చుకుంటున్నాడు. అయినా ఒంటిగంటయ్యేసరికి లేతు ఆపి సందు మొగకేసి చూస్తాడు. అలా చూస్తున్నట్టు వాడికే తెలియదనుకుంటాను. చూడటం అయ్యాక చేతులు కడుక్కుని తింటాడు. ఆ కాసేపూ వాడి మొహం చూడలేక నేను నా కొట్టులోకి పోయి, తుడిచిన బేరింగులే మళ్లీ తుడుస్తాను.

ఒక సోమవారం పొద్దున్న యోనా లేతు ఆన్ చెయ్యకుండా వచ్చి ఆచారి గారి ఎదుట నిలబడ్డాడు.

"గురువుగారండీ, ఆదివారం మా ఎస్తేరక్క వస్తాదంటండి. సలోమి చీరలూ, చెప్పులూ, దువ్వెనా, పాటల పుస్తకం, అన్నీ పట్టుకుపోయి ఎవరికైనా ఇచ్చేస్తానంటందండి. కళ్లెదురుగా ఉంటే మర్చిపోలేవురా, ఇల్లు ఖాళీ చేస్తే మనసూ ఖాళీ అవుద్దిరా అంటంది. నాకూ మొయ్యలేకుండా ఉందండి. ఎంత తీసేస్తే తేలికపడతానండీ?"

ఆచారి గారు కళ్లజోడు తీసి, పంచె చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. బల్ల కిందనుంచి ఒక ఇనప చక్రం తీసి వాడి చేతుల్లో పెట్టారు.

"హైమవతమ్మ గారి కారుది. తేలిక చెయ్యమన్నారు. ఎంత తియ్యాలో నువ్వే చూసుకో."

నాకు ఆశ్చర్యమేసింది. ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. చక్రం ఏదైనా సరే, ఇంతవరకే తియ్యాలని ఆచారి గారు ముందుగా సుద్దముక్కతో గీత గీస్తారు. ఆ గీత దాటి టూలు వేసే స్వతంత్రం యోనాకి ఈ పద్దెనిమిదేళ్లలో ఏనాడూ లేదు. ఆ రోజు ఆయన సుద్దముక్క జేబులోంచి తియ్యనేలేదు.

హైమవతమ్మ గారంటే కాలేజీలో చెట్ల పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. డెబ్భై దాటినా తన కారు తానే నడుపుకుంటారు. అది వెనకవైపు ఇంజను ఉండే పాత గుండ్రటి కారు. దాని ఇంజనుకి నీళ్లు అక్కర్లేదు, గాలికే చల్లబడుతుంది. ఆవిడ మా సందు తిరగకముందే వస్తున్నారని చప్పుడు చెప్పేస్తుంది. ఆ ఇంజను చివర ఒకే ఒక్క పెద్ద నట్టుతో బిగించిన బరువైన చక్రం ఉంటుంది. దాన్నే ఫ్లైవీల్ అంటారు. ఇంజను ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ కొట్టుకునేదాకా మధ్యలో కాస్త ఖాళీ ఉంటుంది కదా, ఆ ఖాళీలో ఆగిపోకుండా తిప్పుకుపోయేది ఆ బరువే. పాత కార్ల సరదా ఉన్నవాళ్లెవరో ఆవిడకి చెప్పారట, ఆ చక్రం బరువు తగ్గిస్తే కారు ముట్టుకుంటే దూకుతుందని. క్లచ్ పనికి ఎలాగూ ఇంజను దింపారు కనుక ఆ ముచ్చట కూడా తీర్చమన్నారు.

యోనా చక్రాన్ని లేతుకి బిగించి మొదలుపెట్టాడు. ఎప్పుడూ వాడి చెయ్యి నిదానం. ఆ రోజు పని చేస్తున్నట్టు లేదు, ఎవరిమీదో కసి తీర్చుకుంటున్నట్టుంది. అంచు నుంచి ఇనుము చుట్టలు చుట్టలుగా లేచి కాళ్ల దగ్గర పోగుపడింది. ఇక చాలు అనిపించిన చోట ఆపి, కొలిచి, మళ్లీ టూలు ముందుకి తిప్పాడు. మళ్లీ ఆపాడు, మళ్లీ తిప్పాడు. ఎనిమిది కిలోల చక్రం సాయంత్రానికి అయిదు కిలోల లోపుకి దిగింది. వాడు దాన్ని ఒంటిచేత్తో పైకెత్తి నవ్వాడు. ఆ నవ్వు నేను చూసి రెండేళ్లయింది.

"చూడండి గురువుగారూ, దూదిలాగుందండి."

ఆచారి గారు వేలితో తట్టి, పగులూ బీటా లేదని రూఢి చేసుకుని, ఊఁ అన్నారు.

బుధవారం ఇంజను ఎక్కించారు. నిజం చెప్పొద్దూ, నాకే ముచ్చటేసింది. యాక్సిలరేటర్ మీద కాలు ఆనిస్తే చాలు, ఇంజను గొంతెత్తి లేచేది. హైమవతమ్మ గారు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి బండి తీసుకుపోయారు. యోనా ఆ సాయంత్రం నాతో, ఇంట్లో పెట్టె సర్దడం మొదలుపెట్టేశానని చెప్పాడు. చీరలు మడతపెట్టి కట్టేశాడట. దువ్వెన ఒక్కటే ఇంకా కిటికీలో ఉందట.

గురువారం మధ్యాహ్నానికల్లా కారు తిరిగొచ్చింది. హైమవతమ్మ గారు ఇంజను ఆపకముందే అదే ఆగిపోయింది.

"పరిగెడుతోందయ్యా యోనా, బ్రహ్మాండంగా పరిగెడుతోంది. నిలబడలేకపోతోంది." ఆవిడ డోరు తీసుకుని దిగుతూనే అన్నారు. "సిగ్నల్ దగ్గర ఆపితే గుటుక్కుమంటోంది. మా వీధి ఎత్తులో నాలుగుసార్లు ఆగిపోయింది, వెనక అందరూ ఒకటే హారన్లు. ఇదివరకు ఎక్కడైనా నీడపట్టున ఆపి, ఇంజను నెమ్మదిగా కొట్టుకుంటుంటే వింటూ కూర్చునేదాన్ని. ఇప్పుడు కాలు తీస్తే ప్రాణం పోతోంది. నాకీ దూకుడు వద్దు నాయనా, ఆ చప్పుడు కావాలి."

యోనా మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆచారి గారి వైపు తిరిగి, "వెల్డింగ్ పెట్టి మళ్లీ బరువెక్కిద్దామాండీ?" అన్నాడు.

"తిరిగేదానికి అతుకు పెట్టకూడదురా."

"అయితే తీసేసింది మళ్లీ రాదాండీ?"

ఆయన అటకకేసి చూశారు. యోనా వెళ్లి నూనె డ్రమ్ము మీద కూలబడ్డాడు. సలోమి పోయాక వాడు ఆ డ్రమ్ము మీద కూర్చోగా నేను చూడలేదు. వాడు అడిగింది చక్రం గురించి కాదని నాకు తెలుస్తూనే ఉంది. ఆచారి గారి మీద ఒళ్లు మండింది కూడా. ఆ సుద్దగీతేదో ముందే గీస్తే ఈయన సొమ్మేం పోయేది? పరాయివాళ్ల కారు పెట్టి పాఠాలు చెప్పడం ఏం పెద్దరికం? ఆ మాట మొహం మీదే అనేశాను.

ఆయన హైమవతమ్మ గారికి చేతులు జోడించి, "తప్పు వాడిది కాదమ్మా, గీత గియ్యనిది నేను," అన్నారు. తర్వాత నిచ్చెన వేసుకుని, ఆ వయసులో, అటకెక్కారు. నూనెగోనెలో చుట్టిన మూట ఒకటి దించారు. విప్పితే అచ్చం అలాంటిదే ఇంకో ఫ్లైవీల్. ఎప్పుడో తుక్కులోకి వెళ్లిన అలాంటి కారుదే, ఊడదీసి దాచారట. యోనా చేతికిస్తూ ఒక్క మాటన్నారు.

"ఇది రెండోది. మూడోది లేదు."

ఆ చక్రమే శనివారం కారెక్కిందనీ, ఇంజను మళ్లీ నిదానంగా నిలబడి కొట్టుకుందనీ, హైమవతమ్మ గారు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు కారు దిగలేదనీ ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే నేను చెప్పదలుచుకున్నది దానికి ముందురోజు, శుక్రవారం నాటి సంగతి.

శుక్రవారం యోనా కొత్తగా పనికి కుదిరినవాడిలా భయంభయంగా వచ్చాడు. "గీత గియ్యండి గురువుగారూ," అన్నాడు.

"గీత సంగతి తర్వాత. ముందు ఎటు బరువుందో చూడు."

చక్రం బరువు ఎంతన్నది ఒక లెక్క, ఎటు ఉందన్నది ఇంకో లెక్క. ఒక పక్కకి ఎక్కువుంటే ఇంజను తిరిగినంతసేపూ వణుకుతుంది. అది పట్టుకోవడానికి ఆచారి గారి దగ్గర కత్తి అంచుల్లాంటి రెండు ఇనప పట్టాలున్నాయి. రసమట్టం పెట్టి వాటిని సమంగా ఉంచి, చక్రం నడిమధ్య ఒక కడ్డీ దూర్చి, ఆ పట్టాల మీద ఆనించి వదిలేస్తారు. బరువైన పక్క తనంతట తానే కిందికి దిగి ఆగుతుంది.

యోనా వదిలాడు. చక్రం మెల్లగా దొర్లి, అటూ ఇటూ ఊగి, ఆగింది. కింద ఉన్న చోట సుద్దతో చుక్క పెట్టాడు. చేత్తో తిప్పి చుక్కని పైకి తెచ్చి మళ్లీ వదిలాడు. చుక్క మళ్లీ కిందికే వచ్చింది. పక్కకి తిప్పి వదిలాడు, అదే. గట్టిగా తిప్పి వదిలాడు, ఎక్కువసేపు ఊగిందే గానీ చివరికి అక్కడికే వచ్చింది. పదిసార్లు చేసి ఉంటాడు.

"ఎటు తిప్పినా ఇక్కడికే వచ్చి ఆగతందండి," అన్నాడు. అంటూ తల తిప్పి సందు మొగకేసి చూశాడు. అప్పటికి టైము పదకొండే.

ఆచారి గారు కూడా అటే చూశారు. తర్వాత ఆయన సుద్దచుక్క మీద వేలు పెట్టి, "ఇక్కడ తియ్యి. ఇక్కడొక్కచోటే, కొంచెం," అన్నారు.

యోనా చుక్క దగ్గర డ్రిల్లుతో చిన్న గుంట పెట్టాడు. చిటికెడు రజను రాలింది. వదిలి చూశాడు. ఈసారి చుక్క కిందికి వచ్చింది గానీ తొందరపడలేదు. పక్కనే ఇంకో గుంట, దాన్లో సగం లోతు. మళ్లీ వదిలాడు. మూడో గుంట పెట్టేటప్పుడు వాడు ఊపిరి బిగపట్టడం నాకు గుమ్మంలోంచే తెలిసింది. వదిలాడు. చక్రం కదల్లేదు. చుక్కని పైకి తిప్పి ఆపాడు, పైనే ఉండిపోయింది. పక్కకి తిప్పి ఆపాడు, అక్కడే ఉంది. వాడు నమ్మలేనట్టు మళ్లీ మళ్లీ తిప్పాడు.

అంతలో జేబులో ఫోను మోగింది. ఎస్తేరక్క. ఆవిడ గొంతు ఎప్పుడూ పక్క షాపుల దాకా వినిపిస్తుంది. ఆదివారం ఎన్ని సంచులు తేవాలిరా అని అడుగుతోంది. యోనా ఒక చేత్తో చక్రాన్ని పట్టుకునే ఉన్నాడు.

"ఒక్కటి చాలక్కా. చిన్నది."

"ఒక్కదాన్లో ఏం పడతాయిరా?"

"పట్టినన్నే పడతాయిలే. మధ్యాన్నం అన్నం మా ఇంట్లోనే తినెల్దువు గానిలే."

ఫోను పెట్టేసి, కడ్డీ ఊడదీసి, చక్రాన్ని రెండు చేతులా ఎత్తాడు. ఎత్తేసరికి భుజాలు కిందికి లాగాయి. దాన్ని గుండెలకి ఆనించుకుని నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"బరువు తగ్గనేలేదండీ గురువుగారూ."

ఆచారి గారు పట్టాల మీద రాలిన రజనుని కాయితంలోకి ఊడుస్తున్నారు. తల ఎత్తకుండానే అన్నారు:

"తగ్గదురా. ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతోందా లేదా?"