కైలాసం పాల నియమం

కైలాసానికి పులంటే భయం లేదు, పామంటే భయం లేదు. నల్లమల కొండమీది ఆశ్రమంలో ఆ రెండూ ఇరుగుపొరుగులే. అతను వణికేదల్లా కోనసీమ అరిటాకుకి.

ఎందుకో చెబుతాను వినండి. ఆ ఆశ్రమంలో కార్తీక పున్నమినాడు ఒక బ్రహ్మచారి కింద వాగులో బిందె ముంచుకుని, భుజానికెత్తుకుని, ఎక్కడా దించకుండా కొండ కొసనున్న మల్లేశ్వరుడి అభిషేకానికి తీసుకెళ్లాలి. ఆ సేవ కైలాసానిది. పోయినేడు సగం మెట్లెక్కేసరికి మోకాళ్లు పట్టేశాయి, ఊపిరి అందలేదు. బిందె దించేశాడు. మిగతా మెట్లు ఇంకొకరు మోశారు. శివుడికి నీళ్లు అందాయి కానీ కైలాసానికి ఆ రోజు ముద్ద దిగలేదు.

గురువుగారు అవ్యయానందస్వామి కోప్పడలేదు. "ఒళ్లు తగ్గించుకో నాయనా. వచ్చే ఏడు కూడా శివుడు ఇక్కడే ఉంటాడు" అన్నారంతే.

ఆ మాట పట్టుకుని ఏడాదంతా రాగి అంబలి, ఇంత ఆకుకూర, పొద్దున్నే మెట్లు. మొలతాడు జారిపోతుంటే బిగించి ముడివేసుకుని, ఆ ముడి తడుముకుంటూ మురిసిపోయేవాడు. తీరా దీపావళి వెళ్లగానే స్వామివారికి గోదావరి ఊళ్లనుంచి పిలుపొచ్చింది. ఏటా వచ్చేదే. రోజుకో ఊరు, ఊరికో ఇంట భిక్ష. మిగతా శిష్యులకి సెలవులొచ్చినంత సంబరం. అదీ సరిగ్గా పున్నమికి ముందే కావడంతో కైలాసం గుండెలో మాత్రం రాయి పడింది.

"నేనిక్కడే ఉండిపోతాను స్వామీ. అక్కడ తినకపోతే వాళ్లు నొచ్చుకుంటారు. తింటే నేను మెట్లెక్కలేను."

స్వామి తన సంచీ అతని చేతికిచ్చి, "జీపెక్కు" అన్నారు.

దారి పొడవునా ఆలోచించాడు కైలాసం. రాజమండ్రి వంతెన దాటుతుంటే ఉపాయం తట్టింది. గోదావరి తల్లికి దణ్ణం పెట్టుకుని నియమం పట్టాడు. తిరిగి కొండెక్కేదాకా పాలూ పళ్లూ తప్ప మరొకటి ముట్టనని. నియమం అంటే ఇక ఎవరూ బలవంతం చెయ్యరు కదా.

మొదటి ఇంట ఆ మాట చెప్పగానే, గారెల పళ్లెం పట్టుకొచ్చిన ఇల్లాలు నిలబడిపోయింది. చెంపలు వేసుకుంది. గ్లాసుడు పాలు, రెండు చక్రకేళీలు తెచ్చి ముందుంచింది. కైలాసం ఎంత పొంగిపోయాడంటే, ఆ పక్కనే స్వామి గారె తుంచుకుంటుంటే కొంచెం జాలిగా కూడా చూశాడు.

అయితే తల్లుల్లారా, కోనసీమలో కబురు జీపుకంటే ముందు వెళుతుంది. "ఆయ్, ఆ బెమ్మచారిగారు అన్నం ముట్టరటండి, ఒట్టి పాలేనటండి పాపం" అని. అన్నం తినని మనిషి మన ఇంటికొస్తే మీరేం చేస్తారు? ఆ పాలలోనైనా ఇంత బలం ఉండాలనుకోరూ? రెండో ఊళ్లో పాలు సగానికి మరిగించి జీడిపప్పు వేశారు. మూడో ఊళ్లో గరిటె నిలబడేంత చిక్కబెట్టారు. ఆ పై ఊళ్లో అరటిపళ్లు నేతిలో వేయించి, బెల్లంపాకంలో ముంచి, పళ్లేగా బాబూ తీసుకోండన్నారు. పాలు కాదనడానికి లేదు, పళ్లు కాదనడానికి లేదు. భిక్ష వదిలెయ్యడం ఆశ్రమధర్మం కాదాయె. కైలాసం కళ్లు మూసుకుని అంతా తాగాడు, అంతా తిన్నాడు.

ఒకనాడు స్నానం చేస్తుంటే మొలతాడు నడుములో కరుచుకుంది. చూసుకున్నాడు. ముడి అదే, తాడూ అదే.

అతనికేమీ పాలుపోలేదు. నియమం వెంట్రుకవాసి తప్పలేదే. అవతల స్వామివారికి ఏ నియమమూ లేదు. ఆకులో పెట్టినవన్నీ రుచి చూస్తారు. "ఈ గోంగూర పెరటిదేనా అమ్మా, ఆవు ఈనిందా, పిల్లవాడికి జ్వరం తగ్గిందా" అని అడుగుతూ కూర్చుంటారు. ఆ మనిషి మాత్రం చేతికర్రలా అలాగే ఉన్నారు. ఇది యోగశక్తి అయ్యుండాలి, ఆ మంత్రమేదో నాకు చెప్పలేదు అనుకున్నాడు కైలాసం. ఇక ఉండబట్టక వెళ్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"నియమం తప్పలేదు స్వామీ. ఒళ్లు మాత్రం పెరిగింది. ఎక్కడ పొరపాటు చేశానో తెలియడం లేదు."

స్వామి నవ్వారు. "నీ నియమాన్ని ఊరూరా ఇల్లాళ్లు మోస్తున్నారు కదరా. నీకెందుకు బరువెక్కుతోంది?"

కైలాసం ఆ మాటని అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. ఉన్న తికమక రెండింతలైంది.

ఆఖరి ఊళ్లో భిక్ష సూరాంబగారింట. పెద్దావిడ. పిల్లలు ఎక్కడెక్కడో స్థిరపడ్డారు. స్వామి వచ్చేరోజే ఆ ఇంట్లో పెద్దపొయ్యి వెలిగేది. కైలాసం కోసం ప్రత్యేకంగా గిన్నెడు పాలు కోవాలా చేసి పెట్టిందావిడ. ఆవిడ అది ఎత్తబోతుంటే స్వామి చెయ్యి చాపారు.

"అది ఇలా ఇవ్వు తల్లీ. వాడి నియమం నేను పుచ్చుకున్నాను. వాడికి ఆకు వెయ్యి."

కైలాసం ఎదుట ఆకు పరుచుకుంది. ముద్దపప్పు, పనసపొట్టు కూర, పులిహోర, వేడివేడి బొబ్బట్టు, దాని మీద నెయ్యి. ఇన్నాళ్లూ వద్దని చెప్పడానికి నియమం ఉండేది. ఇప్పుడు తానొక్కడే ఉన్నాడు. అన్నీ కొంచెం కొంచెం తిన్నాడు. బొబ్బట్టు పూర్తయింది. నాలిక ఇంకొకటి అడిగింది. కడుపు మాత్రం చాలని అంది. కడుపు మాట్లాడుతుందని అతనికి అప్పటిదాకా తెలియదు.

సూరాంబగారు రెండో బొబ్బట్టు పట్టుకుని వంగింది. కైలాసం స్వామి వైపు దీనంగా చూశాడు. స్వామి దొడ్లో కొబ్బరిచెట్టెక్కుతున్న ఉడతని చూస్తున్నారు.

ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "చాలమ్మా" అన్నాడు.

"ఇంకొక్కటి బాబూ. నా మీద ఒట్టు."

"చాలమ్మా. కడుపు నిండింది." ఏమనాలో తోచక, "పూర్ణంలో యాలకుల వాసన ఎంత బాగుందో. మీరే దంచారా?" అన్నాడు.

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. బొబ్బట్టు పళ్లెంలో పెట్టేసి, పీట లాక్కుని కూర్చుంది. పూర్ణం ఎలా రుబ్బాలో తనకి నేర్పిన అత్తగారి గురించి మొదలుపెట్టింది. ఆ అత్తగారు ఎంత గడుసుదో చెబుతూ నవ్వింది, చివర్లో కళ్లొత్తుకుంది. పళ్లెంలో బొబ్బట్టు చల్లారిపోయింది. ఎవరికీ గుర్తులేదు.

స్వామి చెంచాడు కోవా నోట్లో వేసుకుని, మిగతాది పొరుగింటి పిల్లలకి పంచమన్నారు.

పున్నమి వచ్చింది. కైలాసం బిందె ఎత్తుకున్నాడు. పోయినేడు దించిన మెట్టు దగ్గర ఒక్క క్షణం నిలబడి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఎక్కాడు. బిందె శివుడి ముందే దించాడు.

అభిషేకమయ్యాక స్వామి తన చేత్తో అతనికి దొన్నెలో చక్కెర పొంగలి ఇచ్చారు. కళ్లకద్దుకుని తిన్నాడు. దొన్నె ఖాళీ కాగానే స్వామి మళ్లీ గరిటె ఎత్తారు, నెయ్యి కారుతుండగా.

ప్రసాదం. అందులోనూ గురువుగారి చెయ్యి. కైలాసానికి మళ్లీ ఏమీ పాలుపోలేదు. గరిటెకేసి చూశాడు, గురువుకేసి చూశాడు. చివరికి దొన్నె మీద నెమ్మదిగా చెయ్యి అడ్డం పెట్టాడు.

స్వామి ఆ గరిటె పొంగలి తన దొన్నెలో వేసుకున్నారు.

"పద, దిగుదాం" అన్నారు.