మందు కొట్టిన తుంగ

డాక్టర్ ప్రద్యుమ్నకి ఒళ్ళు మండిపోతోంది. లారీ మెకానిక్ సైదులు మెదడులో కణితి మళ్ళీ వచ్చింది. అదీ ఎక్కడో కాదు, ముప్పై రోజులు రేడియేషన్ పెట్టిన చోటే.

"చచ్చిపోయిందన్నారు గదా సారూ, మళ్ళా ఎట్లొచ్చింది?" అని సైదులు భార్య అడిగితే, స్కాన్ మళ్ళీ చూస్తానని తప్పించుకొచ్చాడు. చచ్చిందని చెప్పింది తనే.

చదువుకున్నవాడికి కోపం వస్తే కాగితం మీద పడతాడు మరి! రేడియేషన్ మిషన్ నడిపే ఏసుమణి గురి తప్పిందని, ఆమెని పనిలోంచి తీసెయ్యాలని రాసి, తనకి విద్య నేర్పిన ఖాదర్ సార్ ముందు పెట్టాడు. ఆయన సంతకం పడితే ఆమె ఉద్యోగం పోయినట్టే.

"మిషన్ రికార్డు చూశావా?" అన్నారు సార్.

"చూశాను. గురిలో వెంట్రుకంత తేడా కూడా లేదు. కానీ ఎవరో ఒకరు తప్పు చెయ్యకుండా ఎలా వస్తుంది సార్?"

అత్త మీద కోపం దుత్త మీద అంటే ఇదే. సార్ మొహం ఎర్రబడింది. కాగితం జేబులో పెట్టుకుని, అతన్ని ఆసుపత్రి వెనక ఖాళీ స్థలానికి తీసుకెళ్ళి, తోటమాలి గునపం చేతికిచ్చారు. అక్కడ తుంగ గడ్డి జానెడెత్తున పచ్చగా ఉంది.

"పోయిన నెల తోటమాలితో దీనికి మందు కొట్టించాం. మొత్తం ఎండిపోయింది. ఇప్పుడు చూడు."

ప్రద్యుమ్న విసురుగా ఓ మొక్క లాగాడు. ఆకులు తెగి చేతికొచ్చాయి.

"లాగమన్లేదు. తవ్వమనే గునపం ఇచ్చా!"

తవ్వాడు. జానెడు లోతున, దారానికి గుచ్చినట్టు నల్లటి చిన్న చిన్న దుంపలు. సార్ ఒకదాన్ని గోటితో గీరారు. లోపల తెల్లగా, పచ్చిగా ఉంది.

"రేడియేషన్ ముందు ఏ కణాల్ని చంపుతుంది?"

"చకచకా రెండుగా చీలి పెరుగుతున్న వాటిని."

"చీలకుండా పడుకున్నవో?"

ప్రద్యుమ్న గొంతు తగ్గింది. "కొన్ని తట్టుకుంటాయి సార్. దెబ్బ తగిలినా తమ గాయం తామే బాగుచేసుకుంటాయి. తర్వాత లేచి..."

"తెలుసన్నమాట. మరి చచ్చిందని ఎందుకు చెప్పావు?"

ప్రద్యుమ్న గునపం పక్కన పడేశాడు.

సార్ జేబులోంచి కాగితం తీసి అతని మొహం ముందు పెట్టారు. "మందు కొట్టినా తుంగ మళ్ళీ వచ్చింది గదా, ఏసుమణి పేరు పక్కన తోటమాలి పేరు కూడా రాసుకో. ఇద్దరికీ కలిపి సంతకం పెడతా."

ప్రద్యుమ్న కాగితం లాక్కుని ముక్కలు ముక్కలు చేశాడు.

"కోపం పోయిందా?"

"లేదు సార్. ఇంకా మండుతోంది."

"మండనీ," అన్నారు ఖాదర్ సార్, ఆ దుంప అతని అరచేతిలో పెడుతూ. "ముందు పోయి సైదులు భార్యకి నిజం చెప్పు. తర్వాతొచ్చి ఆ మంటతో ఈ దుంపలన్నీ తవ్వు."