కుడికాలు ఒకరిది, ఎడమకాలు ఒకరిది

అనగనగా, ఓడలు గాలి దయమీద నడిచే రోజుల్లో, ముక్తాపురమని ఓ రేవు పట్నం. అక్కడ గొప్పవాళ్ళు దిగే విడిది మేడలు రెండే రెండు. ఒకటి చెంగల్వమ్మది, దాని ఎదురుగా ఉన్నది శరభయ్యది. ఇద్దరికీ పన్నెండేళ్ళుగా మాటల్లేవు. ఆయన గుమ్మానికి వెండి రేకు తాపడం చేయించాడంటే, ఈవిడ వారం తిరక్కుండా పట్టు చాందినీ కట్టించేది.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. వచ్చిన అతిథికి ఎవరు కాళ్ళు కడిగితే అతిథి వాళ్ళింటికే వెళ్ళాలి. ఇంకేం, రోజూ చెంబుల యుద్ధమే!

ఒకనాడు ముత్యాల వర్తకుడొకడు ఓడ దిగాడు. రెండు మేడల మనుషులూ చెరో చెయ్యీ పట్టి లాగితే, పాపం, అతని తలపాగా ఊడి సముద్రంలో పడింది. అతను మళ్ళీ ఓడెక్కి పొరుగు రేవుకు పోయాడు. ఇంకోనాడు ఒక వైణికుడు వచ్చాడు. ఆ పెనుగులాటలో వీణ తీగలు పుటుక్కున తెగాయి. ఆయనా పోయాడు.

ఈ కబురు ఓడ ఓడకూ పాకి ముక్తాపురంలో దిగేవాళ్ళే తగ్గిపోయారు. చెంగల్వమ్మ మేడలో సగం గదులు ఖాళీ. ఆవిడను నమ్ముకున్నవాళ్ళు నలభైమంది. అయినా పంతం పంతమే.

మూడోసారి సాక్షాత్తూ రాజుగారి మేనత్తే సముద్రస్నానానికి బయలుదేరింది. ఆవిడకు ఏ లోటు జరిగినా రెండు మేడలూ మూయించేస్తానని రాజు ముందే కబురంపాడు. అది విన్నాకైనా బుద్ధి రావద్దూ? చెంగల్వమ్మ తానే చెంబు పట్టుకుని పరుగెత్తింది. శరభయ్యా పరుగెత్తాడు. పెద్దావిడ పల్లకీ దిగీ దిగగానే ఈవిడ కుడికాలు కడిగింది, ఆయన ఎడమకాలు కడిగాడు.

ఇప్పుడు ఆవిడ ఏ ఇంటికి వెళ్ళాలి? మిట్టమధ్యాహ్నపు ఎండలో వీధి నడుమ నిలబడిపోయింది.

"మీ ఆచారం బాగానే ఉంది నాయనా. ఇక నన్ను నిలువునా రెండుగా చీల్చుకోండి," అంది.

కడిగిన కాలు ఇంకా చెంగల్వమ్మ చేతిలోనే ఉంది. ముసలి కాలు, వణుకుతోంది. చెంగల్వమ్మకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"శరభయ్యగారూ," అంది తలెత్తకుండానే. "మా పరుపులకు వంక లేదు. మా వంట మాత్రం మేమే తినలేం. అమ్మగారు మా ఇంట్లో పడుకుంటారు. భోజనం మీరు పంపుతారా?"

శరభయ్య చేతిలోని చెంబు కింద పెట్టాడు.

"పంపకేం తల్లీ. మా మంచాల మీద పడుకున్నవాళ్ళు నడుం పట్టుకునే లేస్తారు. ఆ సంగతి నాకు మాత్రం తెలీదా?"

పెద్దావిడ పకపకా నవ్వింది. రెండు రోజులు ఉందామని వచ్చినావిడ పది రోజులు ఉండిపోయింది. వెళ్ళేముందు చెంగల్వమ్మను పక్కకు పిలిచి, ఇకమీదట రాజుగారి అతిథులందరినీ నీ ఒక్క మేడకే పంపించమని చెప్పనా అని అడిగింది.

చెంగల్వమ్మకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఎందుకు పుట్టదూ, నలభైమంది కళ్ళముందు మెదిలారు మరి. కానీ తల అడ్డంగా ఊపింది.

"ఎదురింట్లో పొయ్యి ఆరిపోతే నా అతిథులు పస్తు పడుకోవాలమ్మా. పంపితే ఇద్దరికీ పంపమనండి."

అందుకే పిల్లలూ, పోటీ మన పనిని మెరుగుపరచుకోవడానికే గాని ఎదుటివారిని పడగొట్టడానికి కాదు. తమకు చేతకానిది ఒప్పుకుని చేయి కలిపినవాళ్ళ ఇళ్ళే నాలుగు కాలాలు నిలుస్తాయి.