దండం మాఫీ అయిన గుర్రం

ఏ రాజ్యమైతేనేం గానీ, దాన్నేలే ఉద్దండవర్మ మహారాజుకు ఆర్భాటం లేనిదే అడుగు పడేది కాదు. స్నానానికి వెళ్లినా ముందు డోళ్లు, వెనక బాకాలు, పక్కన బిరుదులు చదివేవాళ్లు ఉండాల్సిందే.

ఒకసారి ఆయన గుర్రపుశాలలో ఎలుకలు పడ్డాయి.

"మా ఎలుకలు మామూలు ఎర ముట్టుకుంటాయా? ఉలవపిండీ బెల్లమూ కలిపి ఉండలు చేయించండి. విషం అందులో పెట్టండి" అని రాజుగారు సెలవిచ్చారు.

విషపు ముష్టిగింజల పొడి కలిపి అలాగే చేశారు. తీరా వాటిని తిన్నది ఎలుకలు కాదు, చంద్రిక. రాజుగారు చిన్నతనంలో స్వారీ నేర్చుకున్న ఆడగుర్రం. ముసలిది. రోజూ తనకు పెట్టే ఉండలే అనుకుంది పాపం.

అశ్వవైద్యుడు శరభయ్య బొగ్గుపొడి నీళ్లలో కలిపి గొట్టంతో మెల్లగా పట్టించాడు. శాల చుట్టూ తెరలు దించాడు.

"కక్కించరాదూ?" అన్నాడు ఆస్థాన విదూషకుడు వల్లభయ్య.

"గుర్రానికి వాంతి కాదు బాబూ. కడుపులో మిగిలింది బొగ్గు పీల్చుకోవాలి. ఒంట్లోకి ఎక్కింది దిగేదాకా చీకటీ నిశ్శబ్దమే మందు. చిన్న చప్పుడైనా బిగుసుకుపోయి కొట్టుకుంటుంది."

ఆ మాట పూర్తికాకుండానే డోళ్లు మోగాయి. రాజుగారు పరామర్శకు వేంచేస్తున్నారు!

చంద్రిక కాళ్లు కర్రల్లా బిగిశాయి. తల నేలకేసి కొట్టుకుంది. వల్లభయ్య చూడలేకపోయాడు. డోలు ఆపమన్నవాడి తల తీయాలన్నది తాతలనాటి శాసనం.

వల్లభయ్య బయటికి పరుగెత్తి చేతులు జోడించాడు.

"ప్రభూ! తమ డోలు వినగానే అది లేచి దండం పెట్టబోతోంది. లేవలేక పడిపోతోంది. దానికి దండం మాఫీ చేయించండి."

రాజు మీసం దువ్వాడు. "ఆహా, ఏమి విశ్వాసం! మాఫీ చేశాం. డోలు కొట్టి చాటించండి!"

"చాటిస్తే మళ్లీ లేస్తుంది ప్రభూ."

"మరెలాగయ్యా?"

"తమరు వచ్చినట్టే దానికి తెలియకూడదు."

రాజు కాసేపు ఆలోచించి వాద్యాలను పంపేశాడు. చెప్పులు విడిచి ఒక్కడే లోపలికి వచ్చి గడ్డిలో కూర్చున్నాడు. చంద్రిక ఒళ్లు కాస్త సడలింది. కానీ శరభయ్య మాత్రం వల్లభయ్య వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. దానికి ఊపిరి అందడం లేదు.

చాలాసేపటికి రాజు గుసగుసలాడాడు. "ఆ ఉండలు ఎవరు పెట్టించారు వల్లభా?"

"తమరే ప్రభూ."

"అది లేవబోయింది నాకు దండం పెట్టడానికేనా?"

వల్లభయ్య మళ్లీ చేతులు జోడించాడు. "కాదు ప్రభూ. డోలు చప్పుడుకు అదిరిపోయింది."

"అంటే, నా డోలు నాచేతే ఆపించావన్నమాట!"

రాజుకు నవ్వు ముంచుకొచ్చింది. ఉత్తరీయం నోట్లో కుక్కుకుని చప్పుడు లేకుండా నవ్వాడు. కళ్లు మాత్రం కారుతూనే ఉన్నాయి. మెడలోని ముత్యాలహారం తీసి, గలగలమనకుండా పిడికిట బిగించి, వల్లభయ్య చేతిలో పెట్టాడు.

శరభయ్య చంద్రిక పొట్టమీద చెయ్యి వేసి చూశాడు. అలాగే ఉంచి, మెల్లగా తీసేశాడు.

"ఇక గట్టిగా ఏడవొచ్చు ప్రభూ" అన్నాడు.