పింఛయ్య ఇంటి తెల్ల అల్లుడు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో మేకలు కూడా కుక్కను పెంచుకునేవి. నవ్వకండర్రా, మేకలకు మాత్రం హోదా ఉండకూడదా?

ఆ మందకు పెద్ద గడ్డాలమ్మ అనే ముసలి మేక. గడ్డం జానెడు, గొప్ప బారెడు. వాళ్ల కుక్క పేరు కాటుక. పేరుకు తగ్గట్టే నల్లగా నిగనిగలాడేది. వచ్చిన నాటి నుంచి ఒక్క మేకపిల్లనైనా తోడేలు నోట పడనివ్వలేదు. కానీ ఇప్పుడు దానికి కాళ్లలో మునుపటి పరుగు లేదు.

"కాటుకకు మంచి జత చూడాలి. దానికి పిల్లలు పుట్టకపోతే రేపు మన పిల్లల్ని ఎవరు కాస్తారు?" అంది గడ్డాలమ్మ.

నిజమే కదా. అంతవరకూ బుద్ధిగానే మాట్లాడింది, పాపం.

మొదట గేదెల మందలో ఉన్న బూడిదగాడిని చూశారు. ఆకు కదిలితే చాలు, లేచి నిలబడే కుక్క. ఒకసారి తోడేలుతో తలపడి చెవి చింపించుకున్నాడు.

"ఆ చెవేమిటమ్మా, చిరిగిన విస్తరాకులాగా! మన పరువేం కావాలి?" అంది గడ్డాలమ్మ.

తరువాత అడవిపందుల దగ్గరున్న మాచడిని చూశారు. గట్టి పిండం. మంచి గొంతు.

"పందులతో వియ్యమా? నలుగురూ నవ్విపోరూ?" అంది గడ్డాలమ్మ.

మూడోసారి నెమలి పింఛయ్య ఇంటికి వెళ్లారు. ఇలాంటి సంబంధాలకు ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఆడకుక్కను మగకుక్క ఇంటికి తీసుకెళ్లాలి. పిల్లలు పుట్టాక మగకుక్క యజమాని వచ్చి, తనకు నచ్చిన ఒక పిల్లను ముందుగా ఏరుకుంటాడు. మిగిలినవి ఆడకుక్క వాళ్లవి.

పింఛయ్య కుక్క పేరు ముత్యాలరాజు. మల్లెపూవంత తెలుపు. నీలం కళ్లు. చదునైన బండమీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. గడ్డాలమ్మ నోరు తెరిచింది, మళ్లీ మూయడం మరిచిపోయింది.

అంతలో వాడి నెత్తిమీది కొమ్మను వడ్రంగిపిట్ట టకటకా పొడిచింది. ముత్యాలరాజు తల ఎత్తలేదు.

"చూశారా నిబ్బరం! చిల్లర చప్పుళ్లకు మావాడు కదలడు" అన్నాడు పింఛయ్య.

కాసేపటికి ఎండుకొమ్మ ఒకటి వాడి వెనకాలే ఫెళ్లున విరిగిపడింది. మేకలన్నీ ఎగిరి గంతేశాయి. ముత్యాలరాజు ఆవులించాడు.

"ఎంత ధైర్యం!" అంది గడ్డాలమ్మ.

"వాళ్ల తాత ఇంకా గంభీరం" అన్నాడు పింఛయ్య.

కాటుకకు ఎందుకో అనుమానం వచ్చింది. మెల్లగా వాడి వెనక్కి వెళ్లి భౌమని మొరిగింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పింఛయ్య గబగబా ఎదురుగా వెళ్లి పింఛం విప్పాడు. అది కళ్లబడగానే ముత్యాలరాజు తోక ఊపుతూ లేచాడు.

కాటుక గడ్డాలమ్మను పక్కకు పిలిచింది. "పెద్దమ్మా, అతనికి వినపడదు. పాపం, అది అతని తప్పు కాదు. కానీ పిల్లలకు అదే వస్తే మనం కాపలాకు ఏం చేస్తాం? ఒక్కసారి నువ్వే వెనక నుంచి పేరు పెట్టి పిలిచి చూడు."

"ఛీ, నోర్ముయ్. పెద్దింటికి వచ్చి వాళ్ల బిడ్డ చెవులు పరీక్ష చేస్తామా? వాళ్లేమనుకుంటారు?" అంది గడ్డాలమ్మ. "అయినా నీకు నలుపు తప్ప తెలుపు విలువ ఏం తెలుసు?"

మరి కాటుకకు ఏం తెలుస్తుంది? తోడేళ్లను తరమడం తప్ప దానికి లోకజ్ఞానం లేదు కదా! సంబంధం ఖాయమైపోయింది.

రెండు నెలలకు కాటుక ఐదు పిల్లల్ని పెట్టింది. నాలుగు తెల్లనివి, నీలం కళ్లవి. ఒకటి మాత్రం తల్లిలా నల్లది. గడ్డాలమ్మ తెల్లవాటిని ఊరేగించినట్టు అందరికీ చూపించింది. నల్లదాన్ని ఆకుల చాటున పడుకోబెట్టింది.

పిల్లలు పాలు మానగానే పింఛయ్య వచ్చాడు. కుప్పగా నిద్రపోతున్న పిల్లల వెనక్కి చప్పుడు చేయకుండా వెళ్లాడు. గొంతు చించుకుని ఒక్క కేక పెట్టాడు. తెల్లవి నాలుగూ హాయిగా నిద్రపోయాయి. నల్లది చివాలున లేచి గుర్రుమంది.

"నాకు ఇది చాలండీ" అన్నాడు పింఛయ్య, ఎంతో వినయంగా.

"ఆ మసిబొగ్గా? మంచి తెల్లది తీసుకోరాదూ?" అంది గడ్డాలమ్మ.

"ఎందుకండీ, ఇంట్లో ఒక తెల్లవాడు ఉన్నాడుగా" అని, నల్లదాన్ని వెంటబెట్టుకుని చక్కా పోయాడు.

గడ్డాలమ్మ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. సరే, మేకకు చెయ్యి ఉండదు. ఎలా పట్టుకుందో అలా పట్టుకుని నవ్వింది. "పిచ్చి నెమలి! ఏరుకోమంటే తాలు ఏరుకుపోయింది."

కాటుక నవ్వలేదు. "పెద్దమ్మా, అతను కేకపెట్టి మరీ ఏరుకున్నాడు. చూడలేదా?" అంది.

"నీ ఏడుపు నువ్వు ఏడువు" అంది గడ్డాలమ్మ.

కుక్కపిల్లలు ఎదిగాయి. ఏం అందం! ఏం నడక! ఒకరోజు పొద్దున గడ్డాలమ్మ మందను రెండుగా చేసింది. పెద్ద మేకలను కాటుకతో కొండ మీదికి తోలింది. మేకపిల్లలను తెల్లకుక్కలతో వాగు ఒడ్డుకు పంపింది. అందరూ నీళ్లకు వచ్చే చోటు కదా, నలుగురి కంటా పడాలి.

"వద్దు పెద్దమ్మా, చిన్నవాటిని నా దగ్గర ఉండనివ్వు. కాళ్లు పట్టుకుంటాను" అంది కాటుక.

"నీ పిల్లల్ని చూసి నువ్వే కుళ్లుకుంటావేమే?" అంది గడ్డాలమ్మ.

ఆ మేకపిల్లల్లో అందరికన్నా చిన్నది చిగురు. గడ్డాలమ్మకు కూతురి బిడ్డ. దాన్ని తన పక్కలో తప్ప పడుకోనిచ్చేది కాదు. ఆ రోజు దాన్నీ పంపింది.

మధ్యాహ్నం తోడేలు వచ్చింది. పొదల్లోంచి, వెనక వైపు నుంచి వచ్చింది. మేకపిల్లలు గొంతులు పగిలేలా అరిచాయి. నాలుగు తెల్లకుక్కలూ వాగు వైపు తిరిగి, నీళ్లలో చేపలు చూస్తూ కూర్చున్నాయి. వాటి వెనకాలే అంతా జరిగిపోతోంది. వాటికి తెలియదు.

కొండమీద కాటుకకు వినిపించింది. పడుతూ లేస్తూ పరుగెత్తింది. తోడేలు మీదికి దూకింది. కాలు కొరికించుకుంది. మిగతా పిల్లల్ని దక్కించింది. చిగురును దక్కించలేకపోయింది.

గడ్డాలమ్మ ఏడుస్తూ పింఛయ్య ఇంటికి పరుగెత్తింది. వాకిట్లో నల్లకుక్క కాపలా కాస్తోంది. అది అడుగుల చప్పుడు విని అంత దూరంలోనే ఆపేసింది.

"మీ కుక్క చెవిటిదని నాకు ఎందుకు చెప్పలేదు?" అని అరిచింది గడ్డాలమ్మ.

"మీరు అడగలేదుగా? రంగు చూశారు, కళ్లు చూశారు, తోక చూశారు. నేను ఏదైనా దాచానా?" అన్నాడు పింఛయ్య. ఎంత మర్యాదస్తుడో చూడండి, కూర్చోమని కూడా అన్నాడు.

గడ్డాలమ్మ తిరిగి వచ్చేసరికి కాటుక కాలు నాక్కుంటోంది.

"నన్ను తిట్టవే కాటుకా. నువ్వు మూడుసార్లు చెప్పావు" అంది గడ్డాలమ్మ.

"తిట్టే ఓపిక లేదు పెద్దమ్మా. వీటికి చెవులు లేకపోయినా ముక్కులున్నాయి. తోడేలు వాసన పట్టడం నేర్పుతాను. ఇక మీద గాలి ఎటు నుంచి వీస్తే అటు ముఖం పెట్టి పడుకోవాలి. నేర్చుకునేదాకా మందను విడదీయకు" అంది కాటుక.

గడ్డాలమ్మ తలూపింది. సాయంత్రం మేకపిల్లలను దొడ్లోకి తోలింది. ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి పిలిచింది. పిలిచినవన్నీ వచ్చాయి. చివర, నోటి అలవాటుకొద్దీ, "చిగురూ" అని కూడా పిలిచింది. పిలిచాక అక్కడే నిలబడిపోయింది.

నీతి: వియ్యానికి వెళ్లినప్పుడు మర్యాద పోతుందని అడగాల్సింది అడగకపోతే, ఆ మర్యాద ఖరీదు మన పిల్లలు చెల్లిస్తారు.