రాజుగారి వేళ్ళూ బూరె పళ్ళూ

అనగా అనగా అనగనగా, ఎక్కడో ఒక ఊళ్ళో, పేరు నాకే గుర్తులేదు, మీరడక్కండి, భూపాలరాజుగారని ఒకాయన ఉండేవారు. పులి ఎదురొచ్చినా బెదరని మనిషి. ఆయనకెవరో ఓ కుక్కపిల్లని కానుకిచ్చారు. గుండ్రంగా ఉందని దానికి బూరె అని పేరు పెట్టుకున్నారు. అది ఊరుకుంటుందా? వేలు పెడితే వేలు కొరికే, కాలు పెడితే కాలు కొరికే, పంచె అందితే పంచె కొరికే! ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, లేకపోతే నేనే ముందు నిద్రపోతాను.

దీన్నేం చెయ్యాలని రాజుగారు సభలో అడిగారు. ఇహ చూడండి! కరిచినప్పుడల్లా కుయ్యోమని అరవమన్నారు మంత్రిగారు. మూతి మీద ఒక్కటెయ్యమన్నాడు సేనాపతి. చేతులకి వేపనూనె రాసుకోమన్నాడు వైద్యుడు. పసిదాన్నేమీ అనొద్దు, ముద్దు చెయ్యమంది రాజుగారి తల్లి. నేనక్కడ లేను గానీ, ఉంటే నేనూ ఓ సలహా పడేసేదాన్నే. కుక్కని పెంచిన పాపాన పోలేదు, అయినా నా నోరు ఊరుకోదుగా!

పాపం, రాజుగారు అందరి మాటా విన్నారు. కుయ్యోమన్నారు. అది ఆటనుకుని ఇంకా గట్టిగా పట్టుకుంది. వేపనూనె రాసుకున్నారు. మరిచిపోయి అదే చేత్తో పెరుగన్నం కలుపుకున్నారు. మధ్యాహ్నం మూతి మీద ఒక్కటేశారు, సాయంత్రం అయ్యో అని ఒళ్ళో పడుకోబెట్టుకున్నారు. చివరికి బూరె గాదె కిందకి దూరింది. పాలు పెట్టినా రాలేదు. రాజుగారు చెయ్యి చాపితే గజగజ వణికింది. ఆయన అక్కడే నేలమీద కూలబడిపోయారు.

"నన్ను చూసి వణుకుతోందే అమ్మా!" అని కోడలు మందారవల్లి ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"దానికి పళ్ళొస్తున్నాయి మామయ్యగారూ, చిగుళ్ళు దురద. ఏదో ఒకటి కొరక్కుండా ఎలా ఉంటుంది? పైగా అదే పనికి ఒకసారి కొట్టి, ఒకసారి ముద్దు పెట్టుకుంటే దానికేం తెలుస్తుంది?" అంది ఆ పిల్ల.

పళ్ళొచ్చేటప్పటి దురద నాకు గుర్తులేదర్రా, పోయేటప్పటి సలుపు మాత్రం నన్నడగండి!

కోడలు ఓ పాతగుడ్డ తడిపి, ముడేసి, గాదె దగ్గర పెట్టి, పక్కన కూర్చుంది. చాలాసేపటికి బూరె వచ్చి గుడ్డ నమలడం మొదలెట్టింది. ఆ రోజునుంచి ఇంట్లో అందరికీ ఒకటే పద్ధతి. గుడ్డ కొరికితే మెచ్చుకోవాలి. చెయ్యి కొరికితే ఆట ఆపేసి లేచిపోవాలి, అంతే. కొట్టడం లేదు, తిట్టడం లేదు.

మరి రాజుగారు సభలో ఉండగా కరిస్తే? ఆయన లేచేవారు. రాజు లేస్తే సభంతా లేవాలి కదా! బూరె కొరికే, రాజు లేచే, మంత్రి లేచే, బొజ్జతో సేనాపతి లేచే! మళ్ళీ కూర్చునేలోగా మళ్ళీ కొరికే! నా మోకాళ్ళయితే ఆ కొలువు మానేసేవి.

కొన్నాళ్ళకి ఓ పొద్దున బూరె రాజుగారి వేలు నోట పెట్టుకుంది. ఆయన ఊపిరి బిగపట్టారు. అది కొరకలేదు. వదిలేసి, మెత్తగా నాకి, ఆయన పాదాల మీదే పడి నిద్రపోయింది. రాజుగారు అన్నానిక్కూడా లేవలేదు.

మంత్రి తన కుయ్యో పనిచేసిందన్నాడు, వైద్యుడు తన నూనె అన్నాడు, ముసలావిడ తన ముద్దులంది. నేనైనా అలాగే చెప్పుకునేదాన్ని! కోడలు నవ్వి, బూరె గుడ్డని మళ్ళీ తడిపి ముడేసింది.

కాబట్టి పిల్లలూ, పసిదానికి ఏదైనా నేర్పాలంటే ఇంట్లో అందరూ ఒక్కలాగే, ఓపిగ్గా నేర్పాలి. కథేమో కంచి దారి పట్టింది, మనమేమో దుప్పట్లోకి.